ఎవరినైనా పంపించండి

మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. రోజూ వచ్చే తపాలు విప్పి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించడం చాలా ఏళ్ళు ఆయన పని. అర్జీ నాలుగు పేజీలున్నా పది పేజీలున్నా రిజిస్టరులో దానికి దక్కేది ఒక్క గడి. ఆ గడిలో పట్టేట్టు సారాంశం రాయాలి. "ఏడుపంతా తీసేస్తే మిగిలేదే విషయం" అనేవాడు. నాకూ ఆ విద్య పట్టుబడింది. ఇంటర్ చదివే రోజులకే మా వీధిలో ఎవరికి అర్జీ కావలసినా నా దగ్గరికి వచ్చేవాళ్ళు. నా దస్తూరీని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారని నాన్న ఇంటికొచ్చి చెప్తుంటే గర్వంగా ఉండేది.

1979లో ఒకరోజు పొద్దున్నే మాకు పాలు పోసే ఆమె చెంబు గుమ్మంలో పెట్టి అక్కడే కూలబడింది. మొగుడు పోయి ఏడాది. ఇంటిస్థలం కోసం మరుదులు ఆమెని పీక్కుతింటున్నారు. "అమ్మాయిగోరూ, ఆళ్ళు నన్ను సంపేత్తారండి. మొన్న రాత్రి గొడ్లపాకకి నిప్పెట్టారు. పిల్ల ఎదిగొచ్చింది, దాన్ని ఏం సేత్తారో అని నాకు నిద్దర్లేదు. ఎవుర్నన్నా పంపించమని రాయండమ్మా. నాలుగు రాత్రులు కాపలా ఉంటే సాలు" అంది. నేను రాసింది ఇది: "సదరు స్థలము విషయమై బంధువులతో తగాదా ఉన్నందున శాంతిభద్రతలకు భంగము వాటిల్లు అవకాశము కలదు. కావున తమరు దయతో విచారించి తగు చర్య గైకొనవలెనని ప్రార్థన." చదివి వినిపించాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "మీరు సదూకున్నోరు, మీకు తెల్దాండి" అని వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది.

ఈ సంగతి ఎప్పుడో అడుగున పడిపోయింది. దాన్ని పైకి లాగినవి, ఎక్కడో మిసిసిపీ రాష్ట్రంలో, నూట యాభై ఏళ్ళ కిందట గవర్నర్లకి వచ్చిన ఉత్తరాలు.

నేను అమెరికా చరిత్ర పాఠం చెప్పి బతికినదాన్ని. అంతర్యుద్ధం మీద పది, పదిహేను క్లాసులు తీసుకునేదాన్ని. దాని తర్వాత వచ్చిన పునర్నిర్మాణ కాలాన్ని, అంటే 1865 నుంచి 1877 దాకా, రెండు క్లాసుల్లో ముగించేదాన్ని. 13వ సవరణతో బానిసత్వం రద్దు, 14వ సవరణతో పౌరసత్వం, 15వ సవరణతో ఓటు. పరీక్షకి అంతే వస్తుంది. ఆ ఓటు మగవాళ్ళకే అన్న మాట మాత్రం ప్రతి ఏడూ మర్చిపోకుండా చెప్పేదాన్ని. అదొక్కటీ చెప్పేస్తే నా స్త్రీవాదపు బాకీ తీరిపోయినట్టు ఉండేది.

రిటైరయ్యాక తీరిక దొరికింది. మిసిసిపీలో రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్ళూ, అక్కడి విశ్వవిద్యాలయ చరిత్రకారులూ కలిసి 1859 నుంచి 1882 దాకా గవర్నర్ల ఆఫీసుకి చేరిన ఉత్తరాలు, తంతివార్తలు, మహజర్లు సుమారు 20,000 కాగితాల్ని ఫోటోలు తీసి, అక్షరం అక్షరం ఎత్తిరాసి, ఎవరైనా చూసుకునేట్టు పెట్టే పనికి పూనుకున్నారు. అట్లాంటి కాగితాలతో రాత్రిళ్ళు కంప్యూటరు ముందు కూచోవడం మొదలైంది. ఏ గవర్నరుకైనా వచ్చే తపాలే ఎక్కువ. ఉద్యోగం ఇప్పించమనేవాళ్ళు, జైల్లో ఉన్న కొడుక్కి శిక్ష తగ్గించమనేవాళ్ళు, పక్కవాడి మీద పితూరీలు చెప్పేవాళ్ళు. నన్ను మొదట ఆపింది ఉత్తరాల లోపలి సంగతి కాదు, వాటి వీపు. ఆ రోజుల్లో వచ్చిన ఉత్తరాన్ని నిలువుగా మడతపెట్టి, పైకి కనపడే ముక్క మీద గుమాస్తా ఊరు, తేదీ, రాసినవాళ్ళ పేరు, ఒక్క పంక్తి సారాంశం రాసి కట్ట కట్టేవాడు. మా నాన్న రిజిస్టరు గడే! సముద్రాలు దాటినా గుమాస్తా గుమాస్తాయే అని నవ్వుకున్నాను. తర్వాత ఆ నవ్వు నిలవలేదు.

ఆ కట్టల్లో రెండు భయాలు కనిపిస్తాయి. వాటి మధ్య పదేళ్ళ దూరం.

మొదటిది 1865 శరత్కాలం. యుద్ధం ఓడిపోయి ఆరు నెలలు. బెంజమిన్ హంఫ్రీస్ అనే మాజీ కాన్ఫెడరేట్ జనరల్ అక్టోబరులో గవర్నరయ్యాడు. తెల్ల భూస్వాముల నుంచి ఆయనకి ఉత్తరాలే ఉత్తరాలు. క్రిస్మస్ నాటికి నల్లవాళ్ళు తిరగబడతారు, ఇళ్ళు తగలబెడతారు, మమ్మల్ని నరుకుతారు, సాయుధ దళాలు కావాలి అని. భూములు పంచుతారన్న ఆశ నల్లజాతి వాళ్ళలో ఉన్న మాట నిజమే. తిరుగుబాటు పథకం మాత్రం లేదు. అయినా ఆ ఉత్తరాలకి జవాబు దొరికింది. మిలీషియా తిరిగింది, నల్లవాళ్ళ ఇళ్ళలో దూరి వెతికి తుపాకులు లాక్కుంది. నవంబరులో శాసనసభ లైసెన్సు లేకుండా నల్లవాళ్ళు ఆయుధం ఉంచుకోరాదని చట్టం చేసింది. అదే నెలలో ఇంకో చట్టం: తల్లిదండ్రుల్లేని, లేదా తల్లిదండ్రులు పోషించలేరని కోర్టు తేల్చిన నల్లపిల్లల్ని పనినేర్పే పేరుతో కట్టుబెట్టవచ్చు, అందులో పాత యజమానికే మొదటి హక్కు. బానిసత్వంలో ఏ బిడ్డనీ నాది అనుకోలేకపోయిన తల్లి, స్వేచ్ఛ వచ్చిన ఏడాదే మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబడి బిడ్డని అడుక్కోవాలి. క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. తిరుగుబాటేదీ జరగలేదు. భయపడ్డామని చెప్పినవాళ్ళని ఎవరూ సాక్ష్యం అడగలేదు.

రెండోది 1875 శరత్కాలం. అప్పటి గవర్నరు అడల్బర్ట్ ఏమ్స్. ఉత్తరాది రాష్ట్రం మెయిన్‌లో పుట్టినవాడు, యూనియన్ జనరల్, నల్లవాళ్ళ ఓట్లతో గెలిచి 1874 జనవరిలో పదవిలోకొచ్చాడు. ఈసారి ఉత్తరాలు రాసినవాళ్ళు నల్లజాతివాళ్ళు. చదువు నేరం చేసిన రాష్ట్రంలో బానిసలుగా పెరిగినవాళ్ళు. అలాంటి చేతులతో రాసిన ఉత్తరాల్లో అక్షరదోషాలుంటాయి, పూర్తివిరామాలుండవు. కొన్ని నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టినవి. మా సమావేశాల మీదికి తుపాకులతో వస్తున్నారు, ఓటు వేస్తే చంపుతామంటున్నారు, మేం రాత్రిళ్ళు పొలాల్లో పడుకుంటున్నాం, ఎవరినైనా పంపించండి.

ఎవరినైనా పంపించండి. ఇక్కడ నేను కంప్యూటరు ముందు నుంచి లేచిపోయాను.

వాళ్ళు అలా అడగడానికి ఆధారం లేకపోలేదు. 1874 డిసెంబరు 7న విక్స్‌బర్గ్‌లో నల్లజాతి షెరీఫ్ పీటర్ క్రాస్బీని తెల్లవాళ్ళు పదవి నుంచి తరిమేసి, అతనికి మద్దతుగా వచ్చినవాళ్ళని డజన్ల కొద్దీ చంపినప్పుడు అధ్యక్షుడు గ్రాంట్ సైన్యాన్ని పంపాడు, క్రాస్బీ మళ్ళీ కుర్చీలో కూచున్నాడు. అడిగితే వస్తారని ఒకసారి రుజువైంది. 1875 సెప్టెంబరు 4న క్లింటన్ దగ్గర రిపబ్లికన్ల విందు సభ మీద కాల్పులు జరిగాయి. తర్వాత కొన్ని రోజులపాటు పల్లెల్లో తిరిగి నల్లవాళ్ళని వేటాడారు. చనిపోయినవాళ్ళు ముప్పై నుంచి యాభై మంది అని చరిత్రకారుల అంచనా. బతికినవాళ్ళు రాజధాని జాక్సన్‌కి పారిపోయి వచ్చారు. ఏమ్స్ సైన్యం కావాలని గ్రాంట్‌కి తంతి ఇచ్చాడు. అంటే గవర్నరే అర్జీదారయ్యాడు. అటార్నీ జనరల్ ఎడ్వర్డ్స్ పియర్‌పాంట్ ఇచ్చిన జవాబు సారం: దక్షిణాదిలో ఏటేటా వచ్చే ఈ శరత్కాలపు గొడవలతో జనం విసిగిపోయారు, ముందు మీ సొంత బలగం వాడుకోండి. విసుగు! ఒకరి చావు ఇంకొకరికి విసుగు పుట్టించడం మనకి కొత్త కాదు. ఆడవాళ్ళ కేసుల గురించి మాట్లాడేటప్పుడు ఇదే గొంతు ఎన్ని ఆఫీసుల్లో వినలేదు?

అక్టోబరులో ఏమ్స్ ప్రత్యర్థులతో శాంతి ఒప్పందం చేసుకుని, అప్పుడే కూర్చిన నల్లజాతి మిలీషియాని కూడా పక్కన పెట్టాడు. నవంబరు ఎన్నికల్లో, నల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న యాజూ కౌంటీలో రిపబ్లికన్లకి పడిన ఓట్లు 7. అంకె తప్పు పడలేదు, ఏడే. అదే యాజూలో 1868లో నల్లజాతి ఆడవాళ్ళు, తమకి ఓటు లేకపోయినా, యజమానులు చూస్తుండగా గ్రాంట్ బొమ్మ ఉన్న బిళ్ళలు గుండెలకి పెట్టుకుని తిరిగారని అక్కడ షెరీఫ్‌గా చేసిన ఆల్బర్ట్ మోర్గన్ రాసుకున్నాడు.

అభిశంసన పెట్టబోతే, ఆరోపణలు ఎత్తేస్తే తప్పుకుంటానన్న ఒప్పందంతో 1876 మార్చిలో ఏమ్స్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. వెళ్ళగలిగాడు. ఆ తేడా నన్ను వదలదు. భార్య బ్లాంచ్ అప్పటికే పిల్లలతో ఎక్కువకాలం ఉత్తరాదిలోనే ఉండేది. ఆమె దూరంగా ఉండటం వల్లే ఆ శరత్కాలంలో ఆయన ఆమెకి రాసిన ఉత్తరాలు మనకి మిగిలాయి. ఒక జాతి ఓటు పోగొట్టుకుంటోంది, రెండో బానిసత్వపు రోజులు రాబోతున్నాయని ఆమెకి అప్పుడే రాశాడు. అంత స్పష్టంగా చూసినవాడు మిలీషియాని ఎందుకు పక్కన పెట్టాడని అడగాలనిపిస్తుంది. రెండు జాతుల మధ్య యుద్ధమే వస్తుందని వెనకాడాడంటారు. ఏమో, నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు.

వీళ్ళ కూతురు బ్లాంచ్ ఏమ్స్ మన పాఠకులు తెలుసుకోవలసిన మనిషి. చిత్రకారిణి, మసాచుసెట్స్‌లో స్త్రీల ఓటుహక్కు కోసం కార్టూన్లు గీసింది, 1916లో అక్కడ సంతాన నియంత్రణ సంఘం స్థాపకుల్లో ఒకరు. 1956లో జాన్ కెన్నెడీ తన పుస్తకంలో ఏమ్స్ పాలనని దుయ్యబడితే, దాన్ని సవరించమని ఏళ్ళ తరబడి ఆయనకి ఉత్తరాలు రాసింది. కెన్నెడీ అధ్యక్షుడయ్యాక కూడా మానలేదు. చివరికి తండ్రి జీవితచరిత్ర తానే రాసి 1964లో వేసింది, అప్పుడామెకి 86 ఏళ్ళు. ఆ పట్టుదలకి దండం పెట్టాలి. కానీ ఆమెకి ఇల్లుంది, చదువుంది, దాచుకున్న కాగితాలున్నాయి.

మార్గరెట్ ఆన్ కాల్డ్‌వెల్‌కి ఏమున్నాయి? ఆమె భర్త చార్లెస్ కాల్డ్‌వెల్ ఒకప్పుడు బానిస, కమ్మరి, తర్వాత రాష్ట్ర సెనేటరు. ఆ అక్టోబరులో నల్లజాతి మిలీషియాని నడిపినవాడు. ఒప్పందం కుదిరింది, ఎన్నికలైపోయాయి, గెలిచినవాళ్ళు గెలిచారు. అయినా 1875 డిసెంబరు 30న క్లింటన్‌లో, స్నేహితుడనుకున్నవాడు పండగ పూట తాగుదాం రమ్మని పిలిచాడు. గ్లాసులు తగిలించిన చప్పుడే సైగ. కిటికీలోంచి కాల్చారు. ఆయన తమ్ముడినీ అదే రోజు చంపారు. 1876లో సెనేట్ వేసిన బౌట్‌వెల్ కమిటీ ముందుకెళ్ళి ఆమె ఇదంతా చెప్పింది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఏమన్నారు, శవం ఇంటికొచ్చాక ఆ మనుషులు వచ్చి ఎలా ఎగతాళి చేశారు. ఆ సాక్ష్యం పెద్ద సంపుటాల్లో అచ్చయింది. ఆమెది సారాంశం కాదు. పేర్లు, గడియారం వేళలు, తలుపులు, మెట్లు, అన్నీ ఉన్నాయి. రాసుకున్నవాడు ఏ కారణం చేతనో ఆమె మాటని బాగుచెయ్యకుండా వదిలేశాడు.

నేను బాగుచేశాను. పాలామె మాటల్లో ఉన్న నిప్పు, పాక, పిల్ల, రాత్రులు తీసేసి "శాంతిభద్రతలు" పెట్టాను. నా పదిహేడేళ్ళ వయసుని తప్పుపట్టి ఊరుకోవచ్చు. కానీ తర్వాత ముప్పై ఏళ్ళు విద్యార్థినుల వ్యాసాల్లో నేను ఎర్ర ఇంకుతో చేసింది కూడా అదే కదా! ఆమె మాటలు ఉన్నవున్నట్టు రాసినా ఎవరూ వచ్చేవాళ్ళు కాదేమో. మిసిసిపీలో ఉన్నవున్నట్టు రాసినవాళ్ళకీ రాలేదు. అయినా ఆ కట్ట విప్పితే వాళ్ళ భయం వాళ్ళ మాటల్లో ఉంది, వీపు మీద గుమాస్తా ఏం రాసినా సరే. మా ఊరి కట్ట ఎవరైనా విప్పితే అందులో ఉండేది నా దస్తూరీ.

మూడు వారాలకి కార్డు వచ్చింది. అర్జీ సంబంధిత అధికారికి పంపడమైనదని. అప్పటికే ఆమె ఒక రాత్రి పిల్లని తీసుకుని, గేదెని తోలుకుని అక్క ఊరు వెళ్ళిపోయింది. స్థలం మరుదులదైంది. మాకు వేరే ఆమె పాలు పోయడం మొదలుపెట్టింది. కార్డు ఏం చెయ్యమంటావని నాన్నని అడిగితే, ఫైలు చేసి ఉంచు, ఎప్పుడైనా పనికొస్తుంది అన్నాడు.

మొన్న ఆ అర్జీ మళ్ళీ రాద్దామని కూచున్నాను, ఆమె చెప్పినది చెప్పినట్టు. పాక, నిప్పు, నాలుగు రాత్రులు, అన్నీ వచ్చాయి. పిల్ల దగ్గర ఆగిపోయాను. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది, అప్పుడప్పుడు తల్లి బదులు పాలు తెచ్చేది. పేరు ఆ రోజు అర్జీలో రాయలేదు. ఇప్పుడెంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.