ఈసారి ఏం మానేస్తున్నావ్?

లెంట్ అంటే నలభై రోజులని అందరూ అంటారు. కానీ ఈ 2026లో ఫిబ్రవరి 18 బూడిద బుధవారం నుంచి ఏప్రిల్ 5 ఈస్టర్ ముందు రోజు వరకు లెక్కపెట్టి చూడండి, 46 వస్తాయి. కోడ్‌లో బగ్ ఏం కాదు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు. ప్రతి ఆదివారం యేసు లేచిన రోజే కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండదు. మా యూత్‌లో చాలామందికి లెంట్ గురించి బాగా గుర్తుండేది ఈ పాయింటే.

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి మొదలుపెట్టిన మిషన్ నుంచి పుట్టిన సంఘాలు మావి. కతోలికులు తపస్సు కాలం అనేదాన్ని మేం శ్రమకాలం అంటాం. వాళ్లకి కనీసం రూల్స్ ఉన్నాయి. శుక్రవారాలు మాంసం ఉండదు, పద్దెనిమిది దాటితే బూడిద బుధవారం, గుడ్ ఫ్రైడే ఉపవాసం. మాకైతే ఎవరి మనస్సాక్షి వాళ్లదే. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది.

మొన్న కార్తీకంలో నా రూమ్మేట్ అయ్యప్ప మాల వేశాడు. 41 రోజులు నల్లబట్టలు, చెప్పుల్లేవు, తెల్లారకముందే చన్నీళ్లు, పడక నేలమీద. ఏం మానాలా అని వాడు ఒక్క నిమిషం ఆలోచించలేదు, అన్నీ ముందే తేలిపోయి ఉన్నాయి. పైగా మెస్‌లో వడ్డించే అన్న దగ్గర్నుంచి అందరూ "స్వామీ" అని గుర్తుచేస్తూనే ఉన్నారు. నాకేమో ఏది మానాలో నేనే తేల్చుకోవాలి, అదీ ఎవరికీ కనపడకుండా. ఉపవాసంలో మొహం వేలాడేసుకుని తిరగొద్దని మత్తయి సువార్తలో ఉంది మరి. (మ్యాగజైన్‌లో రాస్తే కనపడకుండా ఎలా అవుతుందని అడక్కండి, ఈస్టర్ అయిపోయింది.)

సరే, ఏం మానాలి? చికెనా? మన మెస్‌లో బుధవారం, ఆదివారం పెడతారు. ఆదివారం ఎలాగూ మినహాయింపు. బుధవారం నేను తినకపోతే బిల్లు రూపాయి తగ్గదు, నా ముక్కలు పక్కవాడి ప్లేటులోకి పోతాయి, వాడికి పండగ. ఇన్‌స్టానా? పోయినేడు అదే తీసేశాను. నిద్ర పెరిగింది, లీట్‌కోడ్ కొంచెం ముందుకు కదిలింది. లాభం వచ్చేదాన్ని త్యాగం అనడానికి నాకు నోరు రావట్లేదు.

నాకు తెలిసి శ్రమకాలాన్ని సరిగ్గా పాటించింది మా నాయనమ్మ. ఎప్పుడు వండినా బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. డబ్బా నిండితే గుడికి కానుక, అక్కడి నుంచి అవసరమున్న ఇంటికి. శ్రమకాలంలో రెండు పిడికిళ్లు. ఆ రెండో పిడికిలి తన కంచంలోదని ఎవరికీ చెప్పలేదు, అమ్మే కనిపెట్టింది. తను మానింది ఎవరి పొయ్యి మీదకి వెళ్తుందో ఆవిడకి తెలుసు. నా చికెన్‌కీ ఇన్‌స్టాకీ అలా చేరే ఇల్లంటూ లేదు.

నాయనమ్మ పోయి రెండేళ్లు. తాతయ్య ఊళ్లో ఒక్కడే. మా దగ్గరికి వచ్చెయ్యమంటే పొలం చూపిస్తాడు. రాత్రి అన్నం తిన్నాక తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ చేస్తాడు. సరిగ్గా అప్పుడే మా ఫ్లోర్‌లో నలుగురం బీజీఎంఐ ఆడతాం. రోజు మొత్తంలో నేను ఎదురుచూసే గంట అదొక్కటే.

ఈసారి ఆ గంట మానేశాను. "నీ దేవుడు మా ర్యాంక్ పడగొడుతున్నాడ్రా" అన్నారు స్క్వాడ్ వాళ్లు. నిజమే, పడింది. తాతయ్య కల్లంలో ఆరబోసిన మిర్చి గురించి, మబ్బు పడితే పట్టలు కప్పడం గురించి, దొరకని కూలీల గురించి చెప్తాడు. ఒకరోజు డబ్బా సంగతి వచ్చింది. రైస్ కుక్కర్లో గ్లాసు బియ్యం వేస్తాడట. "గ్లాసులోంచి పిడికెడు తీస్తే మిగిలేదేంట్రా?" అని నవ్వాడు. తీస్తున్నావా అంటే, "మీ నాయనమ్మ ఊరుకుంటుందా?" అన్నాడు.

మూడో ఆదివారం స్క్వాడ్ వాళ్లు నా రూలు నాకే అప్పజెప్పారు. ఇవాళ లెక్కలోకి రాదు కదా, రా! లాగిన్ అయ్యాను. నేను ఏం మానేశానో తాతయ్యకి చెప్పలేదు, కాబట్టి ఆదివారం సెలవని ఆయనకి తెలిసే చాన్స్ లేదు. ఇంకా లాబీలో ఉండగానే ఫోన్ మోగింది. వరండాలోకి వచ్చి ఎత్తాను. ఆ రోజు ఒక్క మిర్చి రేటు గురించే నలభై నిమిషాలు చెప్పాడు.