నెమలి కిరీటం బరువెంత?

ఆదిలాబాద్ అడవుల్లో గుస్సాడీ తలకెత్తుకునేది ఒక దీక్ష. వేదికల మీద మనం చూస్తున్నది అందులో సగమే

కాలేజీ వార్షికోత్సవం రోజున గ్రీన్‌రూమ్‌లో ‘ట్రైబల్ లుక్’ తయారు కావడానికి గంట చాలు. ముఖానికి ముదురు రంగు ఫౌండేషన్, నుదుటి నుంచి ముక్కు కొస దాకా తెల్ల చుక్కల వరస, బుగ్గల మీద మూడేసి గీతలు, కళ్ల చుట్టూ దట్టంగా కాటుక. తలకు పెట్టుకునేది ముందురోజు రాత్రే ఇంట్లో సిద్ధమవుతుంది. హెయిర్‌బ్యాండ్‌కు మందపాటి గుడ్డ చుట్టి, రంగు రంగుల ఈకల్లో పొడవాటివి మధ్యకు, పొట్టివి పక్కలకు వచ్చేలా అంటించి, అతుకులు కనపడకుండా గవ్వలు, పూసలు కుడతారు. లైట్లు పడితే చూడముచ్చటగానే ఉంటుంది. చప్పట్లు మోగుతాయి. రాత్రికి కాస్త కొబ్బరినూనె రాసి తుడిస్తే ముఖం మళ్లీ మామూలు ముఖం.

ఆ తయారీలో శ్రద్ధ ఉంది, చేతిపని ఉంది. లేనిదల్లా చిరునామా. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో గుర్తింపు పొందిన షెడ్యూల్డు తెగలు 705. ఒక్క తెలంగాణలోనే 32. వీటిలో ఏ తెగకూ ‘ట్రైబల్ లుక్’ అనే వేషం లేదు. ఒక్కో వేషానికి ఒక్కో పేరు, ఒక్కో రుతువు, ఒక్కో దేవుడు ఉంటాయి. ఈకల కిరీటమూ ఒంటి నిండా గీతలూ అనగానే తెలుగువాళ్ల కళ్ల ముందు కదిలే రూపానికీ అంతే. దాని పేరు గుస్సాడీ. దాని ఊళ్లు ఉట్నూర్, జైనూర్, కెరమెరి, నార్నూర్, ఇంద్రవెల్లి చుట్టుపక్కల గూడేలు.

దేశమంతా దీపావళికి టపాకాయలు కొనుక్కుంటున్నప్పుడు, 2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయిన పూర్వపు ఆదిలాబాద్‌లో రాజ్‌గోండులు, కోలాములు దండారీకి సిద్ధమవుతారు. ఆశ్వయుజ పౌర్ణమి తర్వాత భోగి పూజతో మొదలయ్యే ఈ పండుగ దీపావళి దాటాక కోలబోడితో ముగుస్తుంది. మధ్యలో దండారీ బృందాలు ఒక ఊరి నుంచి మరో ఊరికి నడిచి వెళతాయి. వచ్చిన బృందానికి ఆ ఊరే భోజనం పెడుతుంది, బస ఇస్తుంది. రాత్రంతా ఆటపాటలు. పగలు చుట్టరికాల పలకరింపులు, పెళ్లి సంబంధాల కబుర్లు. డప్పు, తుడుం, గుమేల, పెప్రె, కాలికోం వాయిద్యాల మోత పొలిమేరలో వినపడగానే పిల్లలు పరుగెత్తుకొస్తారు. బృందంలో ఆడవేషం కట్టిన కుర్రాళ్లుంటారు. వాళ్లను పోరిక్‌లంటారు. అందరి చూపూ మాత్రం గుస్సాడీల మీదే.

తలపై భారీ నెమలి ఈకల కిరీటం, దాని పక్కన కొమ్ములు. ముఖానికి వెంట్రుకలతో కట్టిన గడ్డం, మీసం. భుజం మీద వేలాడే మేక తోలు. మెడలో రుద్రాక్షలు, పూసల దండలు. నడుముకు గంటలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఒంటికి బూడిద, మసి. ఈ మేకప్‌కు బ్రష్షు అక్కర్లేదు. తడిపిన బూడిదను వేళ్లతో లాగితే ఛాతీ మీద, చేతుల మీద చారలు పడతాయి. ఆరాక తెల్లగా తేలుతాయి. అద్దంలో చూసుకుని దిద్దుకునే అలంకారం కాదిది. చూసేవాడికి మనిషి గుర్తు తెలియకుండా పోవడమే దీని పని. నిన్నటిదాకా పత్తి చేలో కనిపించిన పక్కింటి కుర్రాడు ఈ వేళ గుస్సాడీ. పెద్దవాళ్లు కూడా అతనికి మొక్కుతారు. అతని చేతి కర్ర తాకితే జబ్బు నయమవుతుందని నమ్ముతారు.

ఆ కిరీటాన్ని మల్‌బూర అంటారు. గోండీలో ‘మల్’ అంటే నెమలి. మగ నెమలికి పింఛంలో 150 నుంచి 200 దాకా పొడవాటి ఈకలుంటాయి. నిండుగా కనిపించే కిరీటానికి ఒక్క పక్షి ఈకలు చాలవు. అలాగని నెమలిని చంపక్కర్లేదు. జతకట్టే కాలం ముగిశాక, వర్షాకాలం చివర్లో మగ నెమలి తన పింఛాన్ని తానే రాల్చేస్తుంది. ఏడాదికోసారి కొత్తది మొలుస్తుంది. పాత ఈకలు రాలిన కొన్ని వారాలకు దండారీ వస్తుంది. ఏరినవీ కొన్నవీ కలిపి, కాడలు సమంగా కత్తిరించి, కళ్లన్నీ పైకి వచ్చేలా ఒత్తుగా అమర్చి, అడుగున గుడ్డతో, దారంతో బిగిస్తారు. ముందువైపు అద్దాలు, మెరుపు కాగితాలు. ఈ పని తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండరు.

అలా కట్టిన కిరీటం ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది. దానికి కారణం నెమలి ఈకలోనే ఉంది. ఆ నీలం, ఆ పచ్చ నిజానికి రంగులు కావు. ఈక పోగుల్లో కంటికి కనపడనంత సన్నటి కడ్డీలు వరసగా పేర్చినట్టుంటాయి. వాటి మధ్య దూరాన్ని బట్టి ఒక్కోచోట ఒక్కో రంగు వెలుగు తిరిగి వస్తుంది. అద్దకపు రంగులా అది వెలిసిపోదు. ఈకకు అసలు శత్రువు పురుగు. అందుకే పండుగ లేని నెలల్లో కిరీటాన్ని జాగ్రత్తగా దాచడం కూడా తయారు చేయడమంత పనే.

చట్టం కూడా ఈ విషయంలో ఒక సన్నని దారి వదిలింది. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. నెమలిని వేటాడితే జైలు. సహజంగా రాలిన పింఛం ఈకలను మాత్రం దేశం లోపల అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. విదేశాలకు పంపకూడదు. జింక తోలుకు, జింక కొమ్ముకు అలాంటి వెసులుబాటు లేదు. పాత వర్ణనల్లో కనిపించే జింక తోలు చాలాచోట్ల మేక తోలుకు చోటిచ్చింది. వేషం మారింది, గుస్సాడీ మారలేదు. అంటే ఆ వేషానికి ప్రాణం వస్తువులో లేదన్నమాట.

మరి ఎక్కడుంది? నియమంలో ఉంది. కిరీటం పెట్టుకున్నవాడు పండుగ ముగిసేదాకా స్నానం చేయడు. ఒంటి మీది బూడిద, చెమట దేవుడి సొత్తు. చెప్పులు తొడగడు. మంచం మీద, కుర్చీలో కూర్చోడు. అది ఏత్మాసూర్ దేవుడికి చెందిన వేషం. ఆ కొద్ది రోజులూ దాన్ని మోసేవాడు దేవుడి మనిషి. ఈ రోజుల్లోనే దండారీ బృందాలు మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో గుడికి తరలివస్తాయి. చివరికి కోలబోడి రోజున ఊరి బయట పూజ చేసి, బలులిచ్చి, వేషం విప్పుతారు. అప్పుడే స్నానం. కిరీటం మళ్లీ ఏడాది దాకా భద్రంగా లోపలికి పోతుంది. గ్రీన్‌రూమ్‌లో వేషం విప్పడానికి కొబ్బరినూనె చాలు. ఇక్కడ వేషం విప్పడానికి ఊరంతా కావాలి.

ఈకల కిరీటాలన్నీ ఇలాంటివే కావు. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా చౌ నాట్యం ముసుగులు చూస్తే తేడా తెలుస్తుంది. బాగ్‌ముండి దగ్గర చొరిడా గ్రామంలో సూత్రధార్ కుటుంబాలు మట్టి, కాగితం, గుడ్డ పొరలతో ముఖం చేసి, పైన పూసలు, ఈకలతో పెద్ద కిరీటం కడతాయి. ఆడేవాళ్లు వేరు, చేసేవాళ్లు వేరు. ముసుగు అమ్మకపు వస్తువు కూడా. హౌరా, లిలువా ఇళ్లలో దుర్గ ముసుగును గోడకు తగిలించుకున్నా ఎవరూ తప్పుపట్టరు. 2010లో చౌ యునెస్కో జాబితాకెక్కింది. 2018లో ఆ ముసుగుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎవరు కొన్నా, అది చొరిడా వాళ్ల చేతిపని అనే పేరు దానితో పాటే వెళుతుంది.

రెండో కొసన అమెరికా ఉంది. అక్కడి మైదాన ప్రాంత తెగల్లో డేగ ఈకల కిరీటం డబ్బుతో వచ్చేది కాదు. ఒక్కో ఈకా ఒక్కో సాహసానికి, ఒక్కో సేవకు గుర్తు. డేగ ఈకలు దగ్గర పెట్టుకోవడానికి అక్కడి చట్టం మామూలు మనుషులకు అనుమతి ఇవ్వదు. గుర్తింపు పొందిన తెగల సభ్యులు మతపరమైన అవసరాలకు దరఖాస్తు చేసుకుని తెచ్చుకోవాలి. అలాంటి కిరీటాల నకళ్లు సంగీతోత్సవాల్లో కుర్రకారు ఫ్యాషనైపోయాయి. దాంతో 2015లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగే ఒషియాగా ఉత్సవం వాటిని నిషేధించింది. సైన్యంలో పనిచేయనివాడు వీరచక్రం తగిలించుకుని పెళ్లికి వెళితే ఎలా ఉంటుందో, ఆ తెగలకు అది అలా ఉంటుంది.

గుస్సాడీ ఈ రెంటి మధ్యా ఎక్కడో ఉంది. దాన్ని అడవి దాటి బయటికి రానివ్వకూడదంటే గోండులే ఒప్పుకోరు. దాన్ని బయటికి తెచ్చింది వాళ్లే. ఆ మాటకొస్తే కనక రాజు పేరే చెప్పాలి. ఆయనది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం మార్లవాయి. మానవ శాస్త్రం చదివినవాళ్లకు ఆ ఊరు కొత్త కాదు. 1940లో జోడేఘాట్ పోరులో కుమురం భీం నేలకొరిగాక, గోండుల ఆగ్రహానికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన హైమన్‌డార్ఫ్ మకాం వేసింది అక్కడే. గోండు పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులకు 1943లో శిక్షణ మొదలైంది అక్కడే. 1987లో మరణించిన ఆయన భార్య బెట్టీ సమాధి కూడా అక్కడే ఉంది.

అలాంటి ఊరి నుంచి కనక రాజు గుస్సాడీని 1980ల్లో ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్లారు. ఎందరో కుర్రాళ్లకు ఆట నేర్పారు. జనం ఆయన్ను ‘గుస్సాడీ రాజు’ అన్నారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. వేదిక ఎక్కకపోతే ఆ నృత్యం గురించి బయటి ప్రపంచానికి తెలిసేదే కాదు. కాబట్టి వేదికను తప్పుపట్టి లాభం లేదు.

చిక్కల్లా వేదిక అడిగేదాంతోనే. సభల్లో అతిథులకు స్వాగతం పలకడానికి గుస్సాడీలను పిలవడం మామూలైపోయింది. ఏ నెలైనా సరే, ఏ ఊరైనా సరే. వాళ్లకు కావాల్సింది కిరీటం, గజ్జెల మోత, ఫొటో. బూడిదను చెమటతో పాటు మోసిన రోజులు, నేల మీద నిద్ర, ఊరూరా నడక ఫొటోలో పడవు. కనక రాజు లాంటివాళ్లు వేదిక ఎక్కినప్పుడు ఇంటి దగ్గర ఏం వదిలి వచ్చారో వాళ్లకు తెలుసు. దండారీకి తిరిగి వెళ్లి మళ్లీ దీక్ష పట్టేవారు. వేదిక మీదే గుస్సాడీని నేర్చుకున్నవాడికి తిరిగి వెళ్లే చోటు ఉండదు. చదువులకో కూలి పనులకో పట్నం చేరిన కుర్రాడికి పండుగ కోసం అన్ని రోజుల సెలవు ఎవరిస్తారు? ఎనిమిది నిమిషాల ప్రదర్శనకు మాత్రం తీరిక దొరుకుతుంది. ఆ ఎనిమిది నిమిషాలే అసలు ఆటగా స్థిరపడిపోతే, కిరీటం మిగులుతుంది, గుస్సాడీ మిగలడు.

బయటివాళ్ల వంతు కూడా ఇక్కడే తేలుతుంది. ఈకలతో తలపాగా కట్టుకోవడం నేరం కాదు. ముఖానికి చుక్కలు పెట్టుకోవడం ఎవరి సొత్తూ కాదు. సొంత ఊహతో కట్టుకున్న కిరీటానికి సొంత పేరే పెట్టుకోవచ్చు. గుస్సాడీని చూసి కట్టుకుంటే గుస్సాడీ అనే చెప్పాలి. ఎవరి దగ్గర చూశారో చెప్పాలి. చేయించుకుంటే చేసినవాళ్లకు డబ్బివ్వాలి. దేవుడి వేషమని వాళ్లు వద్దంటే మానుకోవాలి. ఇక ఫౌండేషన్‌తో ముఖానికి నలుపు పులమడమన్నది ఏ తెగ అలంకారమూ కాదు. అడవి మనిషి అంటే ఇలా ఉంటాడని పట్నం అనుకున్న ఊహ అది. ముందుగా తుడిచేయాల్సింది ఆ రంగునే.

కనక రాజు 2024 అక్టోబరు 25న కన్నుమూశారు. అప్పటికి దండారీ రోజులు నడుస్తున్నాయి. మరో ఆరు రోజుల్లో దీపావళి. మల్‌బూర ఒక మనిషి ఆస్తి కాదు కాబట్టి ఆడినవాడితో పాటు అది పోదు. ఈకలకూ కొరత రాదు, ఏటా వర్షాలు వెళ్లే వేళకు నెమలి వాటిని రాలుస్తూనే ఉంటుంది. వాటి కింద నిలబడి, ఆ కొద్ది రోజులూ నేల మీదే కూర్చోగల మనిషిని మాత్రం ప్రతి ఊరూ ఏటా కొత్తగా వెతుక్కోవాలి.