మిక్కీ బొమ్మ నోటుకు ఖరీదు కట్టడం

బ్యాంకులో పనిచేసేవాడికి నోటు అంటే పెద్దగా మమకారం ఉండదు. రోజూ చూసేదే. కట్టలు కట్టడం, చిరిగినవి వేరు చేయడం, దొంగనోటు వస్తే పట్టుకోవడం, సాయంత్రం లెక్క సరిపోతే ఇంటికి పోవడం. నోటు మీద ఏ బొమ్మ ఉంది, మడత ఎన్నిచోట్ల పడింది అని చూస్తూ కూర్చుంటే కౌంటరు ముందు వరుస వీధిలోకి పోతుంది. అలాంటి నేను గత సంవత్సరం మూడు నెలలపాటు సెలవు రోజుల్లో భూతద్దం పట్టుకుని, టేబుల్ లైటు వెలుగులో, ఎలుక బొమ్మా కుక్క బొమ్మా అచ్చేసిన కాగితాలను పరీక్షించాను. అవి డిస్నీ డాలర్లు.

మా బావగారు ఫ్లోరిడాలో పాతికేళ్లకు పైగా ఉద్యోగం చేశారు. పిల్లలిద్దరినీ ఏటా డిస్నీ వరల్డ్‌కు తీసుకుపోయేవారు. వెళ్లినప్పుడల్లా అక్కడి నోట్లు రెండో మూడో ఖర్చు పెట్టకుండా దాచడం ఆయన అలవాటు. ఆయన పోయాక అక్కయ్య బళ్లారికి వచ్చేసింది. సామాన్లలో ఆ ఆల్బం కూడా వచ్చింది. మేనల్లుడు బెంగుళూరులో, మేనకోడలు న్యూజెర్సీలో. "ఒరే, నువ్వు బ్యాంకులో ఉన్నావు కదా, వీటికి ఖరీదు కట్టి ఇద్దరికీ సమానంగా పంచిపెట్టరా. ఈ కాగితాల మీద వాళ్లిద్దరూ మాటా మాటా అనుకోవడం నేను చూడలేను" అంది అక్కయ్య. అప్పటికే మాటలు కొంత దూరం పోయాయని ఆమె గొంతులోనే తెలిసింది. మేనల్లుడు ఎవరో అమ్మకందారు ఒక నోటుకు వేల డాలర్లు అడుగుతున్నాడని చూసి, అమ్మేద్దామంటున్నాడు. మేనకోడలు నాన్నగారి వస్తువు బజారులో పెట్టడమేమిటని ఫోను పెట్టేసిందట.

పాఠకుల్లో చాలామందికి ఈ డబ్బు సంగతి తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం చెప్పాలి. డిస్నీ కంపెనీ 1987లో తన పార్కుల్లో చెల్లేలా సొంత నోట్లు అచ్చు వేసింది. మొదట ఒకటి, ఐదు డాలర్లవి. ఒక డాలరు మీద మిక్కీ మౌస్, ఐదు మీద గూఫీ. 1989లో మిన్నీ బొమ్మతో పది డాలర్ల నోటు వచ్చింది. 2005లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా యాభై డాలర్ల నోటు కూడా వేశారు. అసలు డాలరిస్తే అంతే విలువ గల బొమ్మ డాలరిచ్చేవారు. పార్కులోని అంగళ్లలో, హోటళ్లలో దానితో కొనుక్కోవచ్చు. దొంగ అచ్చు వేయకుండా క్రమసంఖ్యలు, కంటికి ఆనని సన్నటి అక్షరాలు, తళుక్కుమనే రేణువులు కూడా పెట్టారు. కోశాధికారిగా సంతకం ఎవరిదనుకున్నారు? స్క్రూజ్ మెక్‌డక్ గారిది! దూరదర్శన్‌లో ఆదివారం పూట నాణేల రాశిలో ఈత కొట్టే ఆ పిసినారి బాతును మన పిల్లలు మరిచిపోయి ఉండరు. 1947లో కార్ల్ బార్క్స్ అనే చిత్రకారుడు సృష్టించిన పాత్ర అది. మా బ్యాంకులో సంతకం చేసేవారిలో కూడా ఆ పోలిక గలవారు ఒకరిద్దరున్నారు గానీ, అది వేరే కథ.

2016 మే 14తో కంపెనీ ఈ నోట్ల అమ్మకం ఆపేసింది. జనం చేతుల్లో ఉన్నవాటిని మాత్రం పార్కుల్లో తీసుకుంటామని చెప్పింది.

కామర్సు చదివినవాడిని కాబట్టి, ఇందులో నాకు ముందు కనిపించింది కంపెనీ తెలివి. నోటు అమ్మిన రోజున డబ్బు చేతికొస్తుంది. సరుకు మాత్రం ఆ నోటు తిరిగొచ్చిన రోజున ఇస్తే చాలు. అంతవరకూ అది కంపెనీ పుస్తకంలో బాకీయే, కానీ వడ్డీ లేని బాకీ. బావగారిలాంటివాళ్లు బీరువాలో పెట్టి మరచిపోతే, ఆ బాకీ తీర్చే పనే పడదు. మన కిరాణా కొట్టులో చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెడితే సణుక్కుంటాం. వాళ్లు కాగితం చేతిలో పెట్టినా జనం సంతోషంగా ఇంటికి తీసుకుపోయారు.

ఇక ఖరీదు కట్టే పని. ఆల్బంలో మొత్తం 46 నోట్లు. ఒక డాలరువి 22, ఐదువి 17, పదివి 7. ముఖ విలువ 177 డాలర్లు. ఇది పునాది. ఏ నోటు ఎంత నలిగినా పార్కులో ఇస్తే ఆ విలువ వస్తుంది కాబట్టి అంతకన్నా తగ్గదు. పైకి ఎంత పోతుందన్నది మూడు సంగతుల మీద ఉంటుంది. ఏ సంవత్సరపు అచ్చు, ఎంత అరుదు, ఎంత శుభ్రంగా ఉంది.

మొదటిది తెలుసుకోవడం తేలిక. సంవత్సరం నోటు మీదే ఉంటుంది. క్రమసంఖ్యలో ఉన్న అక్షరాన్ని బట్టి ఎక్కడిదో కూడా తెలుస్తుంది. 'ఏ' అంటే అనాహైమ్, అంటే కాలిఫోర్నియా పార్కు. 'డి' అంటే ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్. మా ఆల్బంలో దాదాపు అన్నీ 'డి'వే. నాలుగు మాత్రం 'ఏ'వి. "లాస్ ఏంజెలెస్‌లో పెళ్లికి పోయినప్పటివి" అని అక్కయ్య వెంటనే చెప్పింది. మరీ చిన్న క్రమసంఖ్యలు, అచ్చు తప్పులు ఉన్నవాటికి గిరాకీ ఎక్కువ. మావాటిలో అలాంటివేమీ లేవు. ఆ యాభై డాలర్ల నోటూ లేదు.

అసలు చిక్కంతా శుభ్రతతోనే. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికా సెంటు నాణేలకు ఒకటి నుంచి డెబ్బై వరకు మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. అదే కాగితపు నోట్లకూ వచ్చింది. రుసుము తీసుకుని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ తొడుగులో సీలు వేసి ఇచ్చే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. 2005లో మొదలైన పేపర్ మనీ గ్యారంటీ అలాంటిదే. 60, ఆపైన మార్కులు రావాలంటే నోటు చేతులు మారినట్టు కనబడకూడదు. 65 దాటితే మేలు రకం. నడిమధ్య ఒక్క మడత పడిందా, ఎంత కొత్తగా మెరుస్తున్నా 60 దిగువకు జారవలసిందే. మడతలు మూడు నాలుగైతే నలభైల్లోకి, ఇంకా ఎక్కువైతే ముప్ఫైల్లోకి పోతుంది. కాగితాన్ని కడగకుండా, ఇస్త్రీ చేయకుండా, అతుకు వేయకుండా సహజంగా ఉంటే దానికి ప్రత్యేకంగా ఒక ముద్ర. అది ఉన్నదీ లేనిదీ చూసి కొనేవాళ్లు ధర చెబుతారు.

మన దగ్గర లెక్క ఎంత వేరో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం యాభై రూపాయలు, అంతకు పైబడిన నోటు చిరిగితే, మిగిలిన పెద్ద ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ ఇస్తాం. 40 నుంచి 80 లోపైతే సగం. స్కేలు పెట్టి వైశాల్యం కొలుస్తాం. మడతను ఎవరు చూస్తారు? 2001 నవంబరు దాకా మనమే కట్టలకు స్టేపుల్ పిన్నులు గుచ్చేవాళ్లం కదా! పెన్నుతో గీసిన నోటు చెల్లదని కౌంటరు దగ్గర గాబరా పడేవారికి, చెల్లుతుందమ్మా అని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. సేకరించేవాళ్ల లోకంలో మాత్రం ఆ పెన్ను గీత పిడుగు పడ్డట్టే.

నేను చూసిన తీరు చెబుతాను, ఇంట్లో పాత నోట్లున్నవారికి పనికి రావచ్చు. నోటును అంచులు పట్టుకుని దీపానికి ఏటవాలుగా ఎత్తి పెడితే, మామూలుగా కనబడని మడత నీడలా తేలుతుంది. తరువాత నాలుగు మూలలు. కొత్త నోటుకు మూల సూదిలా ఉంటుంది, జేబులో తిరిగినదానికి గుండ్రబడుతుంది. చుట్టూ ఉన్న తెల్ల అంచు నాలుగు వైపులా సమానంగా ఉందా అన్నది మూడోది. ఇది వాడినవాడి తప్పు కాదు, కత్తిరించినవాడిది, అయినా మార్కులు పోతాయి. వేళ్లతో లెక్కపెట్టినప్పుడు పడే సన్న వంపు కూడా లెక్కలోకి వస్తుంది. ఈ సంగతి మా క్యాషియరుకు చెబితే, అయితే నా చేతిలో పడ్డ నోటుకు ఎప్పటికీ ఫస్టు క్లాసు రాదన్నమాట అని నవ్వాడు.

నిల్వ చేసే పద్ధతి వల్ల వచ్చిన నష్టం వేరే. ఎనభైల్లో అందరిళ్లల్లోనూ ఉండే, పేజీకి జిగురు చారలుండే ఫోటో ఆల్బం అది. ఐదు నోట్లు ఆ జిగురుకు పట్టేశాయి. లాగితే పై పొర ఊడి వచ్చేస్తుంది. వాటిని ముట్టుకోలేదు. మిగతావి నోట్ల కోసం అమ్మే పాలిస్టరు తొడుగుల్లోకి మార్చాను. మెత్తటి మామూలు ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటిలోంచి ఊరే నూనె కాగితాన్ని పాడుచేస్తుంది.

జిగురు తగలని 41 నోట్లలో పదకొండింటి వెనక అంచున బావగారు పెన్సిలుతో రాసిన మాటలున్నాయి. తేదీ, పక్కన ఒక ముక్క. 'చంటిది ఇవాళ ఏడవలేదు.' 'వాన. టోపీ పోయింది.' 'జీతం పెరిగింది, ఐస్‌క్రీం రెండు.' అన్నీ చక్కటి గుండ్రటి తెలుగులో. వాటిలో రెండు 1987 నాటివి, మడత లేనివి. రాత లేకుంటే ఆల్బం మొత్తానికి మంచి ధర పలికేవి ఆ రెండే.

మేనల్లుడు ఫోనులో అడిగాడు. "మామయ్యా, పెన్సిలే కదా, మెత్తటి రబ్బరుతో తుడిచేస్తే?" వాడు దురాశతో అడిగాడని నేననుకోను. ఇల్లు కొన్నాడు, కంతులు కడుతున్నాడు. జవాబు కూడా లెక్క ప్రకారమే చెప్పాను. రబ్బరుతో రుద్దితే కాగితం నూగు లేస్తుంది. రాత పోయినా పెన్సిలు ఒత్తిడి గాడి మిగులుతుంది. ఏటవాలు దీపం కింద రెండూ కనబడతాయి. సహజమైన కాగితం అన్న ముద్ర రాదు. రాత ఉన్న నోటు కన్నా తుడిచిన నోటుకు ఎక్కువ వస్తుందన్న భరోసా లేదు. "అంటే రెండు విధాలా నష్టమేనా?" అన్నాడు. "నష్టం మీ నాన్నగారు రాసిన రోజునే జరిగిపోయిందిరా, ఇప్పుడు కొత్తగా ఏమీ లేదు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ టోపీ నాదే మామయ్యా" అన్నాడు.

వాడు చూసిన వేల డాలర్ల సంగతీ తేల్చాలి కదా. అది అడిగిన ధర, అమ్ముడైన ధర కాదు. మా ఊళ్లో స్థలానికి ఎవరైనా ఎంతైనా చెబుతారు, రిజిస్టరైన కాగితం చూస్తేనే రేటు తెలుస్తుంది. వేలంలో నిజంగా అమ్ముడైనవాటి ధరలు వెతికి చూస్తే, సాధారణ సంవత్సరాల నోట్లు మడతలతో ఉన్నవి ముఖ విలువకు కొంచెం పైన పోతున్నాయి. పాతవి, శుభ్రమైనవి, మార్కులు వేయించి తొడుగులో ఉన్నవి నయం. అయితే మార్కులు వేయించే రుసుము, అమెరికాకు పోనూ రానూ తపాలా, బీమా కలిపితే, ఐదు డాలర్ల మామూలు నోటుకు ఆ ఖర్చే తిరిగిరాదు. చిన్న అప్పుకు దావా వేసినట్టు.

మిగిలిన 30 నోట్లలో మడత లేనివి 12, ఉన్నవి 18. ఒక్కోదానికి సంవత్సరం, పార్కు అక్షరం, నా అంచనా మార్కు, అమ్ముడైన ధరల నుంచి తీసిన విలువ, ఇలా వరసలు గీసి రాశాను. నా మార్కు వృత్తి నిపుణుడి మార్కు కాదు, ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చునని కిందే రాశాను. మరి అంత అంచనా మీద ఇద్దరికీ సమానమని ఎలా చెప్పడం? మా తాతగారి కాలంలో పొలం పంచుకున్న పద్ధతే పెట్టాను. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నది ముందు కోరుకోవాలి. వాటాలు వేసేవాడికి ఏ వైపు తనకొస్తుందో తెలియదు కాబట్టి రెండూ సమంగానే వేస్తాడు. మేనల్లుడు నా పట్టిక పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని వేశాడు. మేనకోడలు రెండో వాటా కోరుకుంది. పెన్సిలు రాతలున్న పదకొండూ అక్కయ్యవి. జిగురుకు అంటుకున్నవి ఆల్బంలోనే ఉన్నాయి.

మేనల్లుడు తన వాటాలోంచి మడత లేనివి నాలుగు అమ్మాడు. వచ్చింది ఎంతో చెప్పాడు గానీ ఇక్కడ రాయడం బాగుండదు. ఒక నెల కంతుకు చాలదు.

మొన్నటి వేసవిలో మేనకోడలు తన పిల్లలను తీసుకుని ఓర్లాండో పోయింది. పోయే ముందు అడిగింది. "మామయ్యా, నా వాటాలో గూఫీ నోటు ఒకటి నాలుగు మడతలు పడి ఉంది. పిల్లలకు ఖర్చు పెట్టి చూపించనా?" ముఖ విలువ కన్నా ఎక్కువ రాని నోటు అది, నిశ్చింతగా ఖర్చు పెట్టమన్నాను. కౌంటరులో ఉన్న కుర్రవాడు అలాంటిది ఎప్పుడూ చూడలేదట. లోపలికి పోయి పెద్దావిడను పిలుచుకొచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, తీసుకుందట. పిల్లలకు ఐస్‌క్రీం వచ్చింది, పైన కొంత వేసుకోవలసి వచ్చిందనుకోండి.

ఈ మాట చెబితే అక్కయ్య అడిగిన మొదటి ప్రశ్న, "ఏ సంవత్సరపుదిరా అది?" అని. 1993 అని పట్టిక చూసి చెప్పాను. లోపలికి పోయి తన పదకొండూ తెచ్చుకుని, ఆ సంవత్సరం రాత ఉన్నది వెతకడం మొదలుపెట్టింది.