మా యింటి నల్లా నీరు

దిల్‌సుఖ్‌నగరునందలి మా యిల్లు మామగారి నాడు కట్టినది. గత వానకాలమున మా మనుమరాలు విరేచనములతో పది దినములు మంచము పట్టెను. నీటిదే దోషమని అందఱును నన్నే తప్పుపట్టిరి. వంటయిల్లు నాది గదా!

ఎల్బీనగరు దుకాణదారుఁడొకఁడు చిన్న మీటరును నీట ముంచి, 300 అని చూపి, వెలగల యంత్రమును కొనుఁడనెను. లీటరునకు 500 మిల్లీగ్రాముల వఱకు లవణములున్నను మన దేశపు ప్రమాణమునకు లోఁబడినదే. పైఁగా ఆ మీటరు కరఁగిన లవణములను దెలుపును గాని క్రిములను జూపదు.

నేను క్లోరిను పరీక్షకై మందుచుక్కలను దెప్పించితిని. నీరు విడిచిన వేళ నల్లానీటిలో వేయఁగా పసుపువన్నె గలిగెను, క్లోరిను మిగిలియున్నదన్నమాట. సంపునీటిలో వేసితిని, రంగే లేదు! 2004 మొదలు నాగార్జునసాగరము నుండి మా నగరమునకు వచ్చుచున్న కృష్ణమ్మ అంతదూరము సురక్షితముగా నడచివచ్చి, మా గడపలోపలఁ జెడినది. చూడఁగా సంపుగోడ పగిలి, ప్రక్క కాలువలోని మురుగు ఊరుచుండెను. మా అత్తగారి నాఁటినుండి నల్లాకుఁ గట్టుచున్న గుడ్డ తుప్పునాఁపెనే గాని దీనినెట్లాఁపఁగలదు?

గోడ పూయించి, సంపు కడిగించి, బ్లీచింగు పొడి వేయించితిమి. త్రాగునీరు కాఁచియే యిచ్చుచున్నాను. మందుచుక్కల సీసా యిప్పుడు ఇంగువడబ్బా ప్రక్కనే యున్నది. నెలకొకమాఱు రంగు చూచుట మా మనుమరాలి పని.