మిక్సీయు మన క్రియలును

రుచియు మాటయు ఒక్క నాలుకనే ఆశ్రయించి యున్నవి. ఈ సంగతిని మేము గ్రంథములలో చదివి తెలిసికొన్నవారము కాము. ఒకనాడు మిక్సీ మూత యెగిరి మా పంచెపై మామిడి గుజ్జు పడినప్పుడు తెలిసికొంటిమి. ఆ కథను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మేము పుట్టి పెరిగినది హోసూరు ప్రాంతముననే. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, సంతకు వచ్చువారితో కన్నడము – ఈ మూడును మాకు చిన్ననాటినుండి అలవడినవి. తెలుగు పండిత శిక్షణకై తిరుపతికి పోయి, మరల ఇచ్చటికే వచ్చి, ఇరువది యేండ్లుగా ఈ ప్రాంతపు పిల్లలకు పాఠములు చెప్పుచున్నాము. మా తల్లి రోటియొద్ద కూర్చుండి పొత్రము త్రిప్పుచుండగా చూచుచు పెరిగినందున, మిక్సీ యన్న మాకు చాలకాలము గిట్టలేదు.

విదేశములలో పుట్టిన మిక్సీ ముఖ్యముగా పండ్లరసములకును, పాలకును తగినది. నానిన మినుములను, ఎండిన పసుపుకొమ్మును నలుపగల యంత్రము మన వంటకు కావలసియుండెను. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు అట్టి దానిని రూపొందించిరి. అదియే 'సుమీత్' అను పేర దేశమంతట వ్యాపించినది. పిమ్మట 2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వము కుటుంబ కార్డు గల ఇండ్ల స్త్రీలకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితముగా నిచ్చు పథకమును ఆరంభించినది. అప్పటినుండి మా వీధిలో రోళ్ళు ఒక్కొక్కటిగా పెరటిలోనికి జరిగినవి. మా యింటి రోలు కూడ జరుగుట చూచి మేము నొచ్చుకొనగా, మా తల్లి యిట్లనెను: "నాయనా, రోటి పచ్చడి రుచి నీకు, భుజం నొప్పి నాకు." ఆ మాటకు మాయొద్ద బదులు లేకపోయెను. ఐనను మనస్సులో మిక్సీపై కినుక మాత్రము మిగిలియే యుండెను.

గత విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతి వారిని 'మా యింటి వంట' అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిమి. ఇరువది ముగ్గురు వ్రాసి యిచ్చిరి. పచ్చడి మిక్సీ వేయవలెను. పొడి మిక్సీ వేయవలెను. పిండి మిక్సీ వేయవలెను. తుదకు మజ్జిగ కూడ మిక్సీ వేయవలెను! ఇరువది ముగ్గురిలో ఒక్కరైనను దంచలేదు, నూరలేదు, రుబ్బలేదు, చిలుకలేదు. మేము ఎఱ్ఱ సిరాతో ప్రతి పుటను దిద్దితిమి. మరునాడు తరగతిలో ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, మా ఇంట్లో రోలే లేదు. లేని రోట్లో ఎట్లా రుబ్బేది? మేము చేసేదే రాసినాము" అనెను. వానిది ధిక్కారము కాదు, సత్యము. ఆనాడు మేము పాఠమును మార్చి వ్యాకరణములోనికి పోయి మానము కాపాడుకొంటిమి.

ఆ వారముననే ఉదయపు ప్రార్థనవేళ ఒక బాలిక సొమ్మసిల్లి పడినది. నీడకు తీసికొనిపోయి, ముఖముపై నీరు చిలుకరించి, చక్కెర నీరు త్రాగించిన పిమ్మట విచారించితిమి. తల్లి ఉదయము ఆరు గంటలకే గులాబీ తోట పనికి పోవును. తండ్రి రాత్రి షిఫ్టు ముగించి వచ్చి నిద్రించును. మధ్యాహ్నము బడిలో భోజనము కలదు. కాని 2022లో ఆరంభమైన ఉదయాహార పథకము ఒకటి మొదలు ఐదు తరగతుల పిల్లలకై యేర్పడినది, ఈ బాలికకు అందునది కాదు.

"ఇంట్లో ఏమీ లేదా తల్లీ?" అని యడిగితిమి.

"నిన్నటి ముద్ద ఉంది, అయ్యవారూ. పెరుగు కూడా ఉంది." కొంతసేపు నేలచూపు చూచి, "ముద్ద తిని వచ్చినానంటే అందరూ నవ్వుతారు" అనెను.

ఆ మాట మమ్ము వెనుకకు లాగికొనిపోయినది. శిక్షణ కాలమున మా తెలుగులో తమిళపు యాస, కన్నడపు పలుకు వినిపించినవని తోటివారు నవ్వగా, మేము కొన్ని నెలలు భోజనపు బంతిలో నోరు మెదపక తింటిమి. నవ్వుదురేమో యను భయమున మాట మ్రింగినవారమే, ఈ బిడ్డ యాకలి మ్రింగుటను ఎట్లు తప్పుపట్టగలము? చల్లకు వచ్చి ముంత దాచనేల యని పెద్దలు చెప్పిన మాట మా యిద్దరికిని చెల్లును.

మనము ముద్ద యనుదానిని కన్నడిగులు ముద్దె యందురు, తమిళులు కళి యందురు, రాయలసీమలో సంకటి యందురు. ఇన్ని భాషలవారిని పోషించిన తిండి ఇది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అంతే తూకపు పాలలో నున్నది సుమారు 120 మిల్లీగ్రాములే. ఎదుగు పిల్లల ఎముకలకు ఇంతకన్న చేరువనున్న ఆహారము మరియొకటి లేదు. ఇది తెలిసిన పిమ్మట, పిల్లలు తమంతట తాము ఐదు నిమిషములలో ఉదయాహారము సిద్ధపరచుకొనుటను నేర్పవలెనని మాకు తోచినది. అందుకు ప్రతి యింటను ఉన్న పనిముట్టు మిక్సీయే.

మార్చి నెలలో ఒక శనివారము మా యింటి మిక్సీని పాఠశాలకు తీసికొనిపోతిమి. "రోలే లేదు" అనిన బాలుని అవ్వను కూడ రమ్మని కబురుచేసితిమి. మొదట మామిడికాయ పానకము చేసి చూపవలెనని యెంచి, ఇంట ఉడికించిన మామిడికాయల గుజ్జును వేడివేడిగా తెచ్చి, జారు నిండ పోసి, మూత బిగించి, మీట త్రిప్పితిమి. మరుక్షణమున మూత యెగిరినది. గుజ్జు సగము గోడ మీది పటముపైనను, సగము మా పంచెపైనను పడినది. దైవవశమున ఎవరికిని కాలలేదు. పిల్లలు మొదట భయపడి, మేము నవ్వగా తామును నవ్విరి.

అవ్వ ముందుకు వచ్చి, "వేడిది మూసి తిప్పితే ఊరకుంటుందా అయ్యవారూ? చల్లారనీయాల. సగానికే పోయాల. ఇది నూరేది కాదు, ఎనిపేది. మెల్లగా తిప్పాల" అనెను. విజ్ఞానశాస్త్రము చెప్పునదియు అదియే: వేడి ద్రవములో కత్తులు వేగముగా తిరిగినప్పుడు ఆవిరి ఒక్కసారిగా లేచును, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి మూతను పైకి నెట్టును. కాని మమ్ము ఆలోచింపజేసినది అవ్వ వాడిన క్రియలు. ఎనుపుట, నూరుట వేరని ఆమెకు తెలియును. అది తెలియుటచేతనే ఎంత నీరు, ఎంత వేగము, ఎంతసేపు అను మూడును ఆమెకు తెలిసియున్నవి.

ఆనాటి పాఠమును పిమ్మట అవ్వయే చెప్పినది. మేము పలకపై వ్రాసికొంటిమి. ఆ క్రియలను ఇచ్చట వరుసగా చెప్పుదుము.

మొదటిది దంచుట. "దంచేటప్పుడు రోకలి ఎత్తి ఎత్తి వేస్తాము గదా? దీన్ని కూడా ఆపి ఆపి తిప్పు" అనెను అవ్వ. వేయించి చల్లార్చిన వేరుశెనగ విత్తులు ఒక గ్లాసు, ఎండుమిరపకాయలు నాలుగు, వెల్లుల్లి మూడు రెబ్బలు, తగినంత ఉప్పు పొడి జారులో వేసి, మీటను ఎడమవైపునకు త్రిప్పి విడుచుచు ఐదారు మారులు తిప్పిన చాలును. ఆపక తిప్పినచో విత్తులనుండి నూనె దిగి పొడి కాస్త ముద్దయగును. వేరుశెనగలో ఇంచుమించు నాలుగవ వంతు మాంసకృత్తులే కలవు. ఈ పొడితో అన్నము తిని వచ్చిన బిడ్డ ప్రార్థనలో నిలువగలడు. వేరుశెనగ సరిపడనివారు పుట్నాలతో చేసికొనవచ్చును.

రెండవది నూరుట. అవే విత్తులకు చింతపండు, పచ్చిమిరపకాయలు చేర్చి, నీరు రెండు మూడు చెంచాలకు మించకుండ పోసి తిప్పవలెను. నడుమ నడుమ ఆపి, అంచులకు అంటినదానిని గరిటెతో క్రిందికి త్రోయవలెను. సన్నెకంటిపై చేతితో కూడదీసిన పని యిదియే. రాయలసీమ వారి ఊరుబిండి ఈ జాతిదే. కొంచెము పలుకుగా ఉన్ననే రుచి.

మూడవది రుబ్బుట. రాత్రి నానవేసిన పెసలు ఒక గ్లాసు, అల్లము చిన్న ముక్క, పచ్చిమిరపకాయలు రెండు, ఉప్పు వేసి, చల్లని నీరు కొద్దికొద్దిగా పోయుచు మెత్తగా తిప్పవలెను. పెసరపిండి పులియనక్కరలేదు, వెంటనే అట్టు పోసికొనవచ్చును. చల్లని నీరు ఎందుకనగా, కత్తుల రాపిడిచేత పిండి వేడెక్కును. పొయ్యి వెలిగించు పని యున్నది కావున చిన్న తరగతుల పిల్లలు దీనిని పెద్దల యెదుటనే చేయవలెను.

నాలుగవది చిలుకుట. అల్లపు ముక్క, కొత్తిమీర, ఉప్పు ముందుగా నూరి, అందులో ఒక గ్లాసు పెరుగు, రెండు గ్లాసుల చల్లని నీరు పోసి, అన్నిటికంటె తక్కువ వేగమున కొద్ది క్షణములు మాత్రమే తిప్పవలెను. జారు పెద్దది కానిచో రెండు మారులుగా చిలుకవలెను. ఎక్కువసేపు తిప్పినచో వెన్న విడిపోవును. వెన్నయే కావలసినవారు మాత్రము అట్లే తిప్పవచ్చును!

ఐదవది ఎనుపుట, కొందరు మెదుపుట యందురు. పప్పుగుత్తి చేయు పని యిది. మెత్తని పదార్థమును ద్రవములో కలుపుట దీని లక్షణము. నానిన వేరుశెనగలు రెండు చెంచాలు, కొంచెము పాలతో ముందుగా నూరి, అరటిపండు ఒకటి, బెల్లము కొద్దిగా, కాచి చల్లార్చిన పాలు ఒక గ్లాసు చేర్చి ఎనిపినచో కడుపు నిండు పానీయమగును. పులుపు పండ్లను పాలతో చేర్చరాదు, విరుగును. మన కృష్ణగిరి మామిడిపండ్ల కాలమున గుజ్జును నీటితోనో మజ్జిగతోనో ఎనుపవచ్చును. వడగట్టక త్రాగిన పీచు దక్కును.

ఇక నిన్నటి ముద్ద. కమలాపండంత ముద్దను చిదిపి జారులో వేసి, గ్లాసున్నర మజ్జిగ, ఉప్పు, చిటికెడు జీలకఱ్ఱ, ఒక చిన్న ఉల్లిగడ్డ చేర్చి, మొదట మెల్లగా ఎనిపి, పిమ్మట అరనిమిషము చిలుకవలెను. అంబలి సిద్ధము. ఆనాడు అందరికంటె ముందుగా గ్లాసు అందుకొన్నవారము మేమే. తరువాత గ్లాసులు చాలలేదు.

ఒకటి రెండు జాగ్రత్తలు చెప్పి ముగింతుము. తడిచేతితో ప్లగ్గును ముట్టరాదు. కత్తులను కడుగుటకు ముందు జారును మిక్సీనుండి తీసివేయవలెను. బరువెక్కువై మిక్సీ ఆగిపోయినచో చెడినదని దిగులుపడక, కొంతసేపు చల్లారనిచ్చి, అడుగున బొత్తామున్నచో దానిని నొక్కవలెను. ఖర్చునకు వెరవ నక్కరలేదు: 750 వాట్ల మిక్సీ రెండు నిమిషములు నడచినచో పట్టు విద్యుత్తు యూనిట్టులో నలుబదవ వంతే.

మేము ఇంతకాలము మిక్సీ మన మాటలను మ్రింగినదని తలచితిమి. అది పొరపాటు. మిక్సీ మ్రింగినది మా తల్లి భుజపు నొప్పిని. మాటలను విడిచిపెట్టినవారము మనమే. దంచుట, నూరుట, రుబ్బుట, చిలుకుట, ఎనుపుట అనునవి రాళ్ళ పేర్లు కావు, పని తీరుల పేర్లు. రోలు పెరటికి పోయినను ఆ పని తీరులు మిక్సీలోనికి వచ్చి కూర్చున్నవి. వానిని పేరు పెట్టి పిలుచువారు లేక యున్నవి. కావున తల్లిదండ్రులకు మా విన్నపము: మీటపై చేయి వేసినప్పుడు బిడ్డను పిలిచి, ఇది దంచుచున్నాను, ఇది చిలుకుచున్నాను అని ఒక్క మాట చెప్పుడు. తమిళమునకును, ఇంగ్లీషునకును బడిలో వేళ కలదు. ఈ మాటలకు వంటిల్లే బడి.

వార్షిక పరీక్షలకు ముందు అదే విషయముపై మరల వ్యాసము వ్రాయించితిమి. ప్రార్థనలో సొమ్మసిల్లిన బాలిక యిట్లు వ్రాసినది: "ఈ రోజు నేను నిన్నటి ముద్దను మజ్జిగలో ఎనిపి, చిలికి, తాగి బడికి వచ్చినాను. తమ్మునికి కూడా ఇచ్చినాను." ఎఱ్ఱ సిరా కలము చేతనుంచుకొని ఆ రెండు వాక్యములను రెండు మారులు చదివితిమి. దిద్దుటకు ఏమియు లేదు.