నిద్రగన్నేరు నీడ, బుకిట్ తిమా అడవి

సింగపూర్ పచ్చదనంలో కొంత మనుషులు నాటింది, కొంత నరకగా మిగిలింది. రోడ్ల వెంట కనిపించే చెట్లలో ఎక్కువ భాగానికి మూలం 1963 జూన్‌లో నాటి ప్రధాని లీ క్వాన్ యూ స్వయంగా మొక్క నాటి ప్రారంభించిన ఉద్యమం. 1967లో అది ‘ఉద్యాన నగరం’ అనే ప్రభుత్వ లక్ష్యంగా మారింది. నీడ త్వరగా కావాలి కనుక అంగ్సానా చెట్ల లావుపాటి కొమ్మలను నరికి నేరుగా పాతారు. అంగ్సానా మన ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. మరో ముఖ్యమైన చెట్టు నిద్రగన్నేరు. హైదరాబాదు, విశాఖ రోడ్ల మీద తెలుగువారు ఎరిగిన చెట్టే. దాని పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా.

పరాయి చెట్టయినా నిద్రగన్నేరు చాలా ప్రాణులకు ఆశ్రయమిస్తుంది. గరుకు బెరడు మీద, వెడల్పాటి కొమ్మల మీద పక్షిగూటి ఫెర్నులు, చిన్న ఆర్కిడ్లు పెరుగుతాయి. ఆ ఫెర్నుల్లో చేరిన ఎండుటాకులు, తేమ పురుగులకు నివాసం. ఆ పురుగుల కోసం పక్షులు వస్తాయి.

మనుషులకు అన్నిటికంటే పెద్ద మేలు నీడే. ఆకులు వదిలే నీటి ఆవిరి కూడా వేడిని తగ్గిస్తుంది కానీ, గాలిలో ఎప్పుడూ తేమ నిండి ఉండే ఊళ్లో నీడదే పైచేయి. నీడ ఉన్న దారిలో వృద్ధులు నడుస్తారు, పిల్లలు ఆడుకుంటారు. చెట్టు కనిపించడమే ఔషధమన్న మాటకూ ఆధారం ఉంది. శస్త్రచికిత్స తర్వాత, కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు గోడ కనిపించిన వారికంటే త్వరగా ఇంటికి వెళ్లారని, నొప్పి మందులూ తక్కువ వాడారని అమెరికన్ పరిశోధకుడు రోజర్ ఉల్‌రిక్ 1984లో ప్రకటించారు. సింగపూర్ ఉత్తరాన యీషున్‌లో 2010లో ప్రారంభమైన ఖూ టెక్ పువాట్ ఆసుపత్రిని తోటల మధ్య, సీతాకోకచిలుకలు వచ్చేలా కట్టారు.

అయితే రోడ్డు చెట్లు ఎన్ని నాటినా అడవి కాదు. 1854లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ రెండు నెలల్లోనే సుమారు 700 జాతుల పెంకుపురుగులను సేకరించింది ముఖ్యంగా సింగపూర్‌లోని బుకిట్ తిమా అడవిలోనే. అక్కడి పెద్ద చెట్లు మన గుగ్గిలం చెట్ల కుటుంబానివి. కొన్నేళ్లకోసారి మాత్రమే విరగపూస్తాయి. గింజలు నిల్వ ఉండవు. వేళ్లకు ప్రత్యేకమైన శిలీంధ్రాల తోడు కావాలి. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో మళ్లీ పుట్టించగలిగే వ్యవస్థ కాదిది. 2003లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం అంతకు ముందు 183 ఏళ్లలో సింగపూర్ సహజ ఆవాసాల్లో 95 శాతానికి పైగా పోయాయి. దేశ విస్తీర్ణంలో 0.25 శాతం మాత్రమే ఉన్న అటవీ రక్షిత ప్రాంతాల్లోనే మిగిలిన స్థానిక జీవజాతుల్లో సగానికి పైగా ఉన్నాయని కూడా అది తేల్చింది. ఆ కాస్త అడవి ఎంత బరువు మోస్తోందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఆ అడవిని కూడా 1986లో ఎక్స్‌ప్రెస్‌వే రెండుగా చీల్చింది. దాని మీదుగా 2013లో జంతువుల కోసం 62 మీటర్ల పొడవున వంతెన కట్టి, మట్టి పోసి, స్థానిక జాతుల మొక్కలు నాటారు. అలుగులు దాన్ని దాటుతున్నాయి. నగర వృక్షాలు అడవికి చేయగల సాయమూ ఇలాంటిదే. అందుకే కొన్ని రోడ్ల పక్కన పొదలు, చిన్న చెట్లు, ఎత్తైన చెట్లు అంచెలంచెలుగా నాటుతున్నారు; అడవి నుంచి పార్కుకు సీతాకోకచిలుకలు, పక్షులు ఆ వరుసల వెంట వెళ్లగలవు. మనుషుల సాయం అందుకున్న మరో ప్రాణి కొమ్ముపిట్ట (హార్న్‌బిల్): 19వ శతాబ్దంలో సింగపూర్‌లో కనుమరుగై, 1994లో అక్కడి ఉబిన్ దీవిలో మళ్లీ కనిపించింది. గూడుకు పెద్ద చెట్ల తొర్రలు తగినన్ని లేకపోవడంతో కృత్రిమ గూళ్లు అమర్చారు. ఇప్పుడది ప్రధాన ద్వీపంలోనూ గూళ్లు పెడుతోంది.