పోటూ పాటూ

"రోడ్డే లేని చోటికి కారెందుకయ్యా?" అని అడిగింది మా ఆవిడ.

"రోడ్డు లేకేం వదినా, లక్షణంగా ఉంది. కాకపోతే రోజుకి రెండుసార్లు మునుగుతుంది" అన్నాడు మా తమ్ముడు.

వాడు బ్రిస్బేనులో స్థిరపడి పదమూడేళ్ళయింది. క్రిందటి మే నెలలో కాలేజీకి వేసవి సెలవులివ్వగానే మేమిద్దరం బందరు నుంచి బయలుదేరి వాడింటికి వెళ్ళాం. ఊరు చూశాం, నది చూశాం, గుడికి వెళ్ళాం. దుకాణాలు తిరిగే సరదా నాలుగు రోజుల్లో తీరిపోయింది. ఐదోనాడు వాడు ఈ లంక ప్రస్తావన తెచ్చాడు.

క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, బ్రిస్బేనుకి ఉత్తరంగా, సముద్రంలో ఉంది ఆ లంక. పొడవు 120 కిలోమీటర్లకి పైమాటే. రాయీ రప్పా దాదాపు లేవు, అంతా ఇసుకే. దక్షిణాన నదులు కొండల్ని అరగదీసి సముద్రంలో పోసిన ఇసుకని, కెరటాలు లక్షల ఏళ్ళపాటు ఉత్తరానికి మోసుకొచ్చి ఇక్కడ కుప్పపోశాయి. ప్రపంచంలో ఇంతకన్న పెద్ద ఇసుకలంక మరొకటి లేదు. 1992లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. లంకలో చాలాభాగం గ్రేట్ శాండీ నేషనల్ పార్కు.

దాని పేరు దగ్గరే నాకు ఆసక్తి పుట్టింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, పేర్ల జోలికి పోకుండా ఉండలేను. మొన్నమొన్నటిదాకా ఫ్రేజర్ ఐలండ్ అనేవారు. 1836లో ఓడ పగిలి ఈ ప్రాంతంలో చిక్కుకున్న ఎలిజా ఫ్రేజర్ అనే ఆవిడ, తిరిగి వెళ్ళాక ఇక్కడివాళ్ళు తనని నానా హింసలూ పెట్టారని కథలు చెప్పిందట. ఆ కథలు అబద్ధాలని ఇక్కడి బుచుల్లా జాతివారు చెబుతూనే ఉన్నారు. ఆవిడ ఇంటిపేరు మాత్రం లంకకి అతుక్కుపోయింది. 2023 జూన్‌లో ప్రభుత్వం పాత పేరు తిరిగి ఇచ్చింది. ఇంగ్లీషులో కె అక్షరంతో మొదలుపెట్టి రాస్తారుగాని పలకడం "గర్రి" అనే. బుచుల్లావారి భాషలో స్వర్గమని అర్థమట. ఈ నేలని తయారు చెయ్యడానికి దిగివచ్చిన ఒక దేవకన్య, చేసినది చూసి ముచ్చటపడి, తిరిగి పోనని ఇక్కడే పడుకుని లంకయిపోయిందని వాళ్ళ గాథ. చెరువులు ఆవిడ కళ్ళు. మా మచిలీపట్నాన్ని దొరలు మసూలిపటం చేసినప్పుడు కనీసం ధ్వని అయినా కొంత మిగిల్చారు!

ఇహ రోడ్డు సంగతి. తూర్పు ఒడ్డు పొడుగునా పరుచుకున్న తడి ఇసుకే రహదారి. వేగం గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. ఊళ్ళో రోడ్డుకి ఉన్న చట్టాలన్నీ దీనికీ ఉన్నాయి. పైగా చిన్న విమానాలు కూడా ఆ ఇసుకమీదే దిగుతాయి. పోటు వచ్చినప్పుడు ఈ రహదారి సముద్రం కిందికి పోతుంది. అంచేత పోటు నిండే వేళకి రెండు గంటలు ముందూ, రెండు గంటలు వెనకా బండి నడపవద్దని పార్కువారి హెచ్చరిక.

తమ్ముడు ఫోనులో పోటువేళల పట్టిక చూస్తూంటే మా ఆవిడ పంచాంగం తీసింది. ఆ శనివారం కృష్ణపంచమి. నవ్వుతాలుకి కాదు, రెండిటి లెక్కా ఒకటే. చంద్రుడు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, పోటూ అంతే. పున్నానికీ అమావాస్యకీ పొంగు ఎక్కువ, అష్టమికి తక్కువ. మా బందరు పల్లెకారులు తిథి చెబితే పోటు ఏ వేళకో, పాటు ఏ వేళకో చెప్పేస్తారు. ఆ రోజు పోటు మధ్యాహ్నం ఒంటిగంటకి. అంటే పదకొండింటికల్లా ఒడ్డు వదిలి పైకి చేరాలి.

ముందురోజు రాత్రే రెయిన్‌బో బీచి ఊరు చేరి పడుకున్నాం. తెల్లారాక వాడు చేసిన మొదటిపని నాలుగు టైర్లలోనూ సగం గాలి తియ్యడం. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని, ఒంటె పాదంలాగ ఇసుకమీద తేలుతుంది. గట్టిగా ఉంటే కత్తిలాగ దిగబడుతుంది. ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందే బండి అయితేనే లంకలోకి రావాలి. పార్కువారి పర్మిట్ కూడా ఉండాలి. ఇన్‌స్కిప్ పాయింట్ దగ్గర, రేవూ లేదు గీవూ లేదు, బల్లకట్టు తిన్నగా ఇసుకలోకి వచ్చి నోరు తెరిచింది. కార్లు వరసగా ఎక్కాయి. పదినిమిషాల్లో అవతలి ఒడ్డు.

దిగి, మా మరదలు తెచ్చిన ఇడ్లీలు తిని బయలుదేరేసరికి తొమ్మిదయింది. ఆ ప్రయాణం హాయి ఏమని చెప్పను! ఎడమపక్క ఇసుకదిబ్బలు, వాటి పైన అడవి. కుడిపక్క చక్రాలకి రెండు బారల దూరంలో పసిఫిక్ మహాసముద్రం. గతుకు లేదు, దుమ్ము లేదు. దిబ్బలమీంచి సన్నని వాగులు దిగి, అడ్డంగా కోసుకుంటూ సముద్రంలోకి పోతాయి. మా వాడు ప్రతి వాగు దగ్గరా ఆగి, దిగి, గట్టు ఎంత ఎత్తు కోసుకుపోయిందో చూసి మరీ దాటించేవాడు. "ఇల్లాగైతే ఎప్పటికి చేరతాం?" అని మా ఆవిడ సణిగింది.

అల్లా అరగంట పోయామో లేదో, నీటి అంచున ఒక బండి పక్కకి ఒరిగిపోయి కనిపించింది. ముగ్గురు కుర్రాళ్ళు చేతులతో ఇసుక తవ్వుతున్నారు. ఏ దేశపువాళ్ళో అడిగే తీరిక లేదు. అద్దెబండి. టైర్లలో గాలి తియ్యలేదు. నీటిపక్కన నున్నగా ఉంది కదా అని అటే నడిపారు. ఇరుసుదాకా దిగబడిపోయింది.

తమ్ముడు బండి పైకి తీసి ఆపాడు. "పిల్లాడు నీ చెయ్యి వదలకూడదు" అని పెళ్ళాంతో చెప్పి, పార పుచ్చుకుని దిగాడు. ముందు టైర్లలో గాలి తీయించాడు. చక్రాల ముందు ఇసుక తవ్వించి, ప్లాస్టిక్ పలకలు దోపాడు. పట్టీ కట్టి లాగితే కదల్లేదు. మళ్ళీ తవ్వారు. ఈలోగా ఒక కెరటం వచ్చి తవ్విందంతా పూడ్చిపోయింది; రెండోది బండి తలుపుని తట్టింది. ఉప్పునీళ్ళలో మునిగిన ఇంజను ఇహ దేనికీ పనికిరాదు. ఆ కుర్రాళ్ళలో ఒకడు ఏడుపు మొహం పెట్టాడు. మా వాడు గడియారం చూసుకుని, "ఇంకొక్కసారే. రాకపోతే బండి వదిలేసి, సంచులు తీసుకుని నాతో పైకి వచ్చెయ్యండి" అన్నాడు. అరవలేదు, విసుక్కోలేదు. చిన్నప్పుడు సైకిలు పంక్చరయితే దాన్ని తన్నినవాడేనా వీడు, అనుకున్నాను. మూడోసారికి బండి కదిలింది. అందరం తోశాం, నా పంచె మోకాళ్ళదాకా తడిసింది. (విదేశంలో పంచెలేమిటని మా మరదలు ముందే అంది.)

యూరాంగ్ అనే చిన్న ఊరు చేరేసరికి పదకొండుకి పది నిమిషాలుంది. మేం గుడారం వెయ్యవలసిన డుందుబారా ఇంకా పైకి, అరగంట ముప్పావుగంట దారి. ఎండ కాస్తోంది, సముద్రం ప్రశాంతంగా ఉంది, ఎదర ఇసుక కావలసినంత కనిపిస్తోంది. "పోదాం పద, పది నిమిషాలు అటో ఇటో" అన్నాను. మా ఆవిడా అదే అంది. ముందు ఒకటి రెండు బళ్ళు పోతూనే ఉన్నాయి.

వాడు బండి పైకి తిప్పేశాడు. "సముద్రంతో బేరాలుండవు అన్నయ్యా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అది మా నాన్నగారి మాట. అక్షరం పొల్లుపోకుండా ఆయన మాట.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి ఇరవయ్యారేళ్ళు. లెక్కకి అందినవారే పదివేలకు పైగా పోయారు. ఆ పోయినవాళ్ళలో మా మేనత్త, ఆవిడ ఇంటిల్లిపాదీ ఉన్నారు. నాలుగోనాడు నాన్నగారు వెతుక్కుంటూ వెళితే, అక్కయ్య ఇల్లు ఉండవలసిన చోట ఇల్లూ లేదు, చెట్టూ లేదట. ఇంతకుమించి ఆయన ఎన్నడూ చెప్పలేదు. కార్తీక పున్నానికి మమ్మల్ని మంగినపూడి సముద్రస్నానానికి తీసుకెళ్ళేవారు. మా ఇద్దరి మణికట్లూ పట్టుకుని మూడు మునకలు వేయించి, లాక్కొచ్చేసేవారు. ఇంకొక్క మునక అని మా వాడు బతిమాలితే ఈ మాటే అనేవారు. ఇంటరు చదివే రోజుల్లో వాడు చెయ్యి విడిపించుకుని కెరటాలు దాటి ఈదుకుంటూ పోయాడు. తిరిగొచ్చాక అంతమందిలోనూ చెంపదెబ్బ తిన్నాడు. ఆ తర్వాత నెల్లాళ్ళు తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఆ మనిషి పిరికితనం భరించలేకే దూరదేశం పోతున్నానని వీసా వచ్చిననాడు నాతో అన్నవాడు వీడు.

ఒడ్డు మూసుకుపోతే లోపలి దారులున్నాయి. ఒక బండి మాత్రమే పట్టే ఇసుకదారి. ఎదర ఎవరైనా వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. గంటకి 30 కిలోమీటర్ల పరిమితి పెట్టారుగాని అంత వేగం పోగలిగితే కదా! కుదుపుకి మా ఆవిడ దేవుళ్ళందరినీ పిలిచింది. సెంట్రల్ స్టేషన్ అనే చోట దిగి నడిచాం. వట్టి ఇసుకలోంచి మహావృక్షాలు, తాటిజాతి చెట్లు, నల్లని నీడ. నూరేళ్ళకి పైగా ఇక్కడ కలప కొట్టారు, 1991లో ఆపేశారు. వాంగూల్‌బా అనే వాగు ఉంది. అడుగున తెల్లని ఇసుక, పైన నీళ్ళు. రాయి లేదు కనక చప్పుడు లేదు. నీరు పారుతోందని తెలియడానికి ఆకు ఏదైనా కొట్టుకు రావాలి. మేమంతా ఎందుకో అక్కడ గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.

అక్కణ్ణుంచి మెకెంజీ సరస్సు. దానికి ఏ ఏరూ రాదు, దాన్నుంచి ఏదీ పోదు. రాలిన ఆకులు కుళ్ళి అడుగున ఇసుకని బిగించేస్తే, పైన వాననీరు నిలిచింది. ఒడ్డున పంచదారలాంటి ఇసుక, అంచున ఆకాశవర్ణం, నడుమ ముదురు నీలం. ఈ లంకలో సముద్రస్నానం ఎవరూ చెయ్యరు. సొరచేపలు, లోపలికి లాగే ప్రవాహాలు. స్నానాలన్నీ ఇక్కడే. మా వాడు కొడుకుని మెడలోతుదాకా పోనిచ్చాడు. చెయ్యి మాత్రం పట్టుకునే ఉన్నాడు.

మూడు దాటాక మళ్ళీ ఒడ్డుకొచ్చాం. పొద్దున్న మేం పోదామన్న దారిమీద, దిబ్బల అడుగుదాకా తడి ఉంది. ఒక పెద్ద దుంగ అడ్డంగా పడి ఉంది. మా ఆవిడ దుంగని చూసింది, మరిదిని చూసింది, ఏమీ అనలేదు.

మహెనో ఓడ శిథిలం దగ్గర కాసేపు ఆగాం. 1905లో కట్టిన ఓడ. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్పత్రి ఓడగా పనిచేసింది. 1935లో జపానువాళ్ళు పాతఇనుముగా కొని లాక్కుపోతూంటే తుపానులో తాడు తెగి ఇక్కడ ఒడ్డెక్కింది. తుప్పుపట్టిన పక్కటెముకలు మిగిలాయి.

డుందుబారాలో గుడారాల చుట్టూ కంచె వేశారు. ఎందుకంటే డింగోలు. అడవికుక్కలు, చూడడానికి మన ఊరకుక్కల్లాగే సన్నగా, ఎర్రగా ఉంటాయి. 2001లో తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి చంపాయి. మనుషులు తిండి అలవాటు చేస్తే వాటికి భయం పోతుంది. అంచేత వాటికి ముద్ద పెడితే పెద్ద జరిమానా. మాగాయ సీసా కూడా కార్లో పెట్టి తాళం వెయ్యమంటే, "మాగాయ తినే కుక్కని ఒకసారి చూడాలి" అంది మా ఆవిడ. మంట కూడా ఎక్కడపడితే అక్కడ వెయ్యనివ్వరు. 2020లో ఎవరో దొంగతనంగా వేసిన చలిమంటవల్ల సగం లంక తగలబడింది. గ్యాసుపొయ్యిమీద ఉప్మా చేసుకుని తిన్నాం.

ఆడవాళ్ళూ పిల్లాడూ గుడారంలో పడుకున్నారు. మేమిద్దరం కుర్చీలేసుకుని కూర్చున్నాం. చంద్రుడు ఇంకా రాలేదు. సముద్రం వినపడుతోంది.

నాన్నగారు పోయింది 2021 మే నెల మొదటివారంలో. అంతకు ఏడాది ముందే ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసింది. సరిగ్గా ఆ రెండువారాలూ, ఇండియానుంచి తన పౌరుల్ని కూడా తిరిగి రానివ్వలేదు. ఇక్కడ పెళ్ళాం, పసివాడు. వాడు రాలేదు. ఫోనులో చూశాడు. తర్వాత నాలుగుసార్లు కలుసుకున్నాం, వందసార్లు మాట్లాడుకున్నాం. ఇంటి పన్ను, అమ్మ మందులు, అన్నీ. ఆ సంగతి తప్ప.

"చివర్న ఏమైనా అన్నారా?" అని అడిగాడు ఉన్నట్టుండి.

చెప్పాను. తన అస్థికలు కాశీ వద్దన్నారు, గోదావరి వద్దన్నారు. హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట కలపమన్నారు. "అక్కయ్య అటే పోయింది" అన్నారు, అంతే. మర్నాడు తెల్లవారకుండానే పోయారు. కర్ఫ్యూ రోజులు; నలుగురమే ఉన్నాం. హంసలదీవిలో పడవ ఎక్కబోతే, "ఇప్పుడు పోటు బాబూ, కలిపినా ఒడ్డుకే తెచ్చి పడేస్తది. పాటు తిరిగిందాకా ఆగండి" అన్నాడు పడవవాడు. రెండు గంటలపైన ఇసుకలో కూర్చున్నాను, కుండ ఒళ్ళో పెట్టుకుని. ఆ రెండు గంటలూ వాణ్ణే తలుచుకున్నానని కూడా చెప్పాను.

వాడు మోకాళ్ళమీద మోచేతులానించి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. చాలాసేపు అల్లాగే ఉన్నాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. చల్లగా, ఇసుకగా ఉంది.

గుడారం జిప్పు చప్పుడైంది. పిల్లవాడు దుప్పటి కప్పుకుని తల బయట పెట్టాడు. పదకొండేళ్ళవాడు, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు.

"పెదనాన్నా, నువ్వు తాతయ్య గురించి చెప్తున్నావా?"

"ఔను రా."

వాడొచ్చి మా ఇద్దరి మధ్యా ఇసుకలో కూర్చున్నాడు. తమ్ముడు ఒక చేత్తో కళ్ళు తుడుచుకుని, రెండో చెయ్యి వాడి భుజంమీద వేశాడు.

"నాకు సగం వినపడలేదు. మొదటినుంచి చెప్పు" అన్నాడు పిల్లవాడు.

దివిసీమతో మొదలుపెట్టాను.